పదిహేను వేల ఒక్క రూపాయి శ్రీమంతుడు

ఐరాల మండలానికి దేవుడి దయవల్ల ఒక సౌకర్యం ఉంది. ఇద్దరి మధ్య మాట తేలకపోతే కోర్టు దాకా పోనక్కర్లేదు, 'పద కాణిపాకానికి' అంటే చాలు. వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి అబద్ధమాడటానికి గుండె చాలదని జనం నమ్మకం. అప్పు తీసుకోలేదన్నవాడికి, పొలం గట్టు జరపలేదన్నవాడికి, కమీషన్ తినలేదన్న నాయకుడికి అందరికీ అదే సవాలు. ఇంతవరకు ఎవరూ ఆ సవాలు విసరని కాగితాలు రెండున్నాయి. ఒకటి, ఎన్నేళ్లు గడిచినా పందొమ్మిది పేర్ల దగ్గరే ఆగిపోయే హాజరు పట్టీ. రెండోది, 'నాకు పీఎఫ్ వద్దు' అని కార్మికుడు 'ఇష్టపూర్వకంగా' సంతకం చేసిన కాగితం. ఈ రెండింటికీ ప్రమాణం పెడితే చాలామందికి పండగ పూట కూడా కాణిపాకం రావడానికి తీరిక దొరకదు. అయితే రాసేవాళ్ల మీద నాకు పెద్ద కోపం లేదు. అలాగే రాయమని నిబంధనలే బతిమాలుతుంటే వాళ్లు మాత్రం ఎంతకని కాదంటారు?

ముందు పందొమ్మిది సంగతి. భవిష్య నిధి (పీఎఫ్) చట్టం 1952లో వచ్చినప్పుడు సిమెంటు, సిగరెట్లు, ఇంజినీరింగ్, ఇనుము ఉక్కు, కాగితం, బట్టల మిల్లులు, ఈ ఆరు పరిశ్రమలకే పరిమితం. అదీ యాభై మంది పనిచేసేచోటే. 1960లో యాభైని ఇరవై చేశారు. ఆ తర్వాత మనిషి చంద్రుడి మీద దిగాడు, టీకొట్టుకు క్యూఆర్ కోడ్ వచ్చింది, ఇరవై మాత్రం ఇరవైగానే ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా దాని జోలికి పోలేదు. ఈఎస్ఐ వైద్య బీమాకేమో పదిమంది ఉంటే చాలు. అంటే పదిహేను మంది పనిచేసే హోటల్లో సర్వర్‌కు జ్వరం రావచ్చు గానీ ముసలితనం రాకూడదు. పైగా చట్టం ఒకసారి ఇరవై మందితో పట్టుకుంటే తర్వాత పదిమందికి తగ్గినా వదలదు. అందుకని ఇరవయ్యోవాడు వంటింట్లో చెమటోడుస్తుంటాడు గానీ పట్టీలో ఉండడు. ఒకే కప్పు కింద తమ్ముడి పేరున ఇంకో బోర్డు, భార్య పేరున మరో బిల్లు పుస్తకం పుడతాయి. శాఖలన్నిటినీ ఒకే సంస్థగా లెక్కించాలని, కాంట్రాక్టర్ తెచ్చిన మనుషుల్నీ కలపాలని చట్టంలో స్పష్టంగానే ఉంది. చెప్పడానికి చట్టం చాలు, లెక్కపెట్టడానికి మనిషి రావాలి కదా!

అసలు వేడుక జీతం పరిమితిలో ఉంది. ఉద్యోగంలో చేరేనాటికి మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు 15,000 రూపాయలు దాటి, అంతకుముందు పీఎఫ్ సభ్యుడు కాని మనిషిని పథకం 'మినహాయించిన ఉద్యోగి' అంటుంది. దాటడమంటే ఒక్క రూపాయి దాటినా దాటినట్టే. 15,001 రూపాయలతో చేరినవాడు తన వృద్ధాప్యాన్ని తానే చూసుకోగల శ్రీమంతుడన్నమాట. ఈ పరిమితి 1952లో 300 రూపాయలు. పెరుగుతూ పెరుగుతూ 2001లో 6,500కు, 2014 సెప్టెంబర్ 1న 15,000కు చేరి, అక్కడే చతికిలబడింది. ఈలోగా అదే కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబర్ నుంచి తన పరిధిలోని పనులకు కనీస వేతనాలు సవరించింది. పెద్ద నగరాల్లో ఊడ్చేవాళ్లు, మూటలు దించేవాళ్లు, అంటే ఏ నైపుణ్యమూ అక్కర్లేదని ప్రభుత్వం భావించే కార్మికులకు అప్పట్లో రోజుకు 783, నెలకు 20,358 రూపాయలు. ఇంతకన్నా తక్కువిస్తే నేరమని ఒక ఉత్తర్వు అంటుంటే, అంత సంపాదించేవాడికి నిర్బంధ పొదుపు అక్కర్లేదని ఇంకో నిబంధన అంటోంది. ఈఎస్ఐ లెక్కలో నెలకు 21,000 దాకా పేదవాడే. బోనస్ లెక్కలోనూ 21,000 దాకా పేదవాడే. కొత్త ఉద్యోగాలిచ్చిన యజమానులకు 2025 ఆగస్టు నుంచి ప్రోత్సాహకం ఇస్తున్న వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజనలో అయితే లక్ష రూపాయల జీతగాడి దాకా లెక్కలోకి వస్తాడు. యజమానికి ఇచ్చేటప్పుడు లక్ష, కార్మికుడికి పెట్టించేటప్పుడు పదిహేను వేలు. ఒకే మనిషి, ఒకే నెల, ఒకే ప్రభుత్వం.

కాణిపాకంలో స్వామి విగ్రహం ఏటేటా పెరుగుతుందని, ఒకప్పుడు ఓ భక్తురాలు చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టడం లేదని చెబుతారు. పట్టకపోతే అక్కడ కొత్త కవచం చేయిస్తారు. ఢిల్లీలో మాత్రం 2014 నాటి కవచంలోకే మనిషిని దూర్చమంటారు, దూరకపోతే బయట నిలబెడతారు. ఒకే జ్యూస్ ఫ్యాక్టరీలో పక్కపక్కనే పనిచేసే ఇద్దరిని ఊహించుకోండి. 14,900తో చేరినవాడి జీతం తర్వాత ముప్పై వేలైనా సభ్యత్వం పోదు. 15,100తో చేరిన పక్కవాడు అసలు లోపలికే రాడు. యజమాని దయతలచి రానిచ్చినా, 2014 తర్వాత ఆ జీతంతో కొత్తగా చేరినవాడికి పీఎఫ్ ఉంటుంది గానీ పెన్షన్ పథకం తలుపు మూసే ఉంటుంది. ఆ తలుపు సరైనదేనని 2022 నవంబర్ 4న సుప్రీంకోర్టు కూడా ముద్ర వేసింది. లోపలికి వెళ్లినవాడి భోగం కూడా చూద్దాం. పదిహేను వేల మీద ముప్పై ఐదేళ్లు కట్టినవాడికి సూత్రం ప్రకారం వచ్చే పెన్షన్ నెలకు 7,500కు కాస్త అటూఇటూ. కనీస పెన్షన్ 1,000 రూపాయలు, అదీ 2014 నాటిదే. ఆ ఏడాది అంకెలకు ఏ ముహూర్తం పెట్టారో గానీ ఒక్కటీ కదలదు.

'వద్దన్నది కార్మికుడే కదా, చేతికొచ్చే జీతం తగ్గుతుందని వాళ్లే గోల చేస్తారు' అనే వాదన ఒకటుంది. నిజమే, చేస్తారు. పాతిక వేల జీతంలో అద్దె, ఫీజులు, వడ్డీ పోగా మిగిలేదే కొంచెం. అందులో 1,800 కోత పడితే నొప్పే. కానీ ఆ 1,800కు జతగా యజమాని ఇంకో 1,800 వేయాలని, 2024-25కు దానికి 8.25 శాతం వడ్డీ ప్రకటించారని, సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబానికి ఏడు లక్షల దాకా బీమా వస్తుందని, ఆ బీమాకు కార్మికుడు పైసా కట్టనక్కర్లేదని చెప్పి మరీ సంతకం పెట్టించుకున్న ఆఫీసు ఎక్కడైనా ఉంటే ఆ ఆఫీసుకు కొబ్బరికాయ కొట్టాలి. చేరినరోజు ఇచ్చే ఫారం 11 చూడండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ తర్వాత ఒక చిన్న ప్రశ్న: ఇంతకుముందు పీఎఫ్ సభ్యుడివా? 'అవును' అని రాస్తే జీతమెంతైనా తప్పించుకోలేం. అందుకే అక్కడ 'కాదు' దగ్గర టిక్కు ముందే పడి ఉంటుంది, సంతకానికే ఖాళీ వదులుతారు. ఇక పదిహేను వేల లోపువాడు 'వద్దు' అని వంద కాగితాలు రాసిచ్చినా చెల్లదు. నచ్చకపోతే మానేసే హక్కు చట్టం అతనికి ఇవ్వలేదు. పైనున్నవాడు చేరాలనుకుంటే ఉమ్మడి దరఖాస్తు పెట్టుకోవచ్చు, యజమాని కూడా సంతకం చేస్తేనే. 'అయ్యా, నా కోసం మీరు నెలనెలా డబ్బు కట్టేలా మీరే ఒప్పుకోండి' అని అడగగల స్వేచ్ఛ!

యజమానుల గోడు మాత్రం కొట్టిపారేయదగింది కాదు. చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు పరిశ్రమనే తీసుకోండి. తోతాపురి కాపున్న కొద్ది వారాలే పని, 2025లో కాయ కొనేవాళ్లు లేక ప్రభుత్వం కిలోకు నాలుగు రూపాయలు కలిపితే తప్ప రైతుకు పన్నెండు దక్కే దారి లేకపోయింది. అలాంటి చోట పన్నెండు శాతం, దాని మీద బీమా, నిర్వహణ రుసుము భారమే. ఆ మాట చట్టానికీ తెలుసు. ఇటుకలు, బీడీలు, కొబ్బరి పీచు లాంటి పరిశ్రమలకు, ఖాయిలా పడిన సంస్థలకు పది శాతం చాలంది. సీజన్ పనివాళ్లు ఏడాదిలో కొన్ని నెలలే చేసినా పెన్షన్‌కు పూర్తి ఏడాదిగా లెక్కించమంది. అంటే చిన్నవాడికి వెసులుబాటు ఇవ్వాలంటే శాతం తగ్గించవచ్చు, గడువు ఇవ్వవచ్చు. కార్మికుణ్నే లెక్కలోంచి తీసేయడం ఒక్కటే మందు కాదు. పైగా ఈ పదిహేను వేల గీత వల్ల ఎక్కువ మిగులుతున్నది గుజ్జు ఫ్యాక్టరీకి కాదు, పాతిక వేలు, ముప్పై వేలు ఇవ్వగలిగిన పెద్ద కంపెనీకి. అలవెన్సుల పేరుతో మూల వేతనాన్ని కుదించే ఆటకు 2019లో సుప్రీంకోర్టు అడ్డం పడింది, మొత్తం జీతంలో సగమైనా వేతనంగా చూపాలని కొత్త కోడ్ గట్టిగా చెప్పింది. చెప్పీ చెప్పగానే కార్మిక శాఖ వివరణ ఇచ్చింది: పదిహేను వేల పరిమితి మీదే పీఎఫ్ కడుతుంటే చేతికొచ్చే జీతం మారదు, కంగారు పడకండి అని. కంగారు పడ్డదెవరో వివరణలో లేదు.

ఇంత తెలిసీ గీత ఎందుకు జరగదంటే, పెన్షన్ నిధికి ప్రభుత్వం కూడా 1.16 శాతం కలపాలి కాబట్టి. పదిహేను వేల మీద అది 174 రూపాయలు. పరిమితి పాతిక వేలైతే 290. తలకు నెలకు 116 రూపాయల తేడా, కోట్ల తలలకు లెక్క కడితే పెద్దమొత్తమే, ఒప్పుకుంటాను. అలాగైతే ఖర్చు భరించలేమని సూటిగా చెప్పవచ్చు. ఖర్చు మిగిలేది ఖజానాకు, కంపెనీలకు అయినప్పుడు, దానికి ఉద్యోగికిచ్చిన మినహాయింపు అని పేరు పెట్టడం దేనికి?

పరిమితిని కనీసం ఈఎస్ఐ, బోనస్‌లతో సమానంగా 21,000 చేసి, ఆ తర్వాత కనీస వేతనంతో పాటు దానంతటదే పెరిగేలా కట్టేయాలి. సంఖ్యను ఇరవై నుంచి పదికి దించాలి, కొత్తగా వచ్చే చిన్న సంస్థలకు మొదట్లో పది శాతమే పెట్టాలి. అది జరిగేదాకా ఐరాల నుంచి చిత్తూరుకో బెంగళూరుకో పనికి బస్సెక్కే పిల్లలు ఫారం 11 మీద ముందే పడి ఉన్న టిక్కును ఒకసారి చూసుకోండి. పాత యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) ఉంటే 'అవును' అని మీ చేత్తో మీరే రాయండి.