భిలాయ్‌లో పొద్దుతో పందెం

భిలాయ్‌లో కదలకుండా నిలబడ్డ మనిషి తిరిగే భూమితో పాటు గంటకు సుమారు 1,560 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతూ ఉంటాడు. ఆకాశంలో సూర్యుడు ఉన్నచోటే ఉండిపోవాలంటే అంతే వేగంతో పడమరకు పరుగెత్తాలి. ఈ లెక్క ఎవరినడిగినా తడుముకోకుండా 1,670 అంటారు. క్విజ్ పుస్తకాలు అంటాయి, ఫోన్లో వచ్చే మెసేజీలు అంటాయి, పక్క క్వార్టర్లోని ఇంజనీరింగ్ కుర్రవాడూ అంటాడు. అది భూమధ్యరేఖ మీది లెక్క. భిలాయ్ ఉన్నది 21.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ధ్రువం వైపు జరిగేకొద్దీ చుట్టుకొలత తగ్గుతుంది, దానితో వేగమూ తగ్గుతుంది. కూరగాయల సంతలో పది రూపాయలు ఎక్కువ చెబితే కొట్లాటకు దిగే జనం, భూమి దగ్గర నూటపది కిలోమీటర్లు ఎక్కువ చెప్పినా నోరెత్తరు.

1,560 అంటే నిమిషానికి 26 కిలోమీటర్లు. భిలాయ్ ఉక్కు కర్మాగారం రైల్వేకు పంపే పట్టా పొడవు 260 మీటర్లు. అలాంటివి ఒకటిన్నరకు పైగా ఒక్క సెకనులో దాటిపోవాలి. నాగపూర్, సూరత్ ఇంచుమించు ఇదే అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి దారి తప్పే భయం లేదు. నాగపూర్ 9 నిమిషాల్లో, సూరత్ 34 నిమిషాల్లో, మక్కా మూడు గంటల లోపే రావాలి. రైలుకు దుర్గ్ నుంచి నాగపూర్ చేరడానికే మూడు గంటల పైన పడుతుంది. అవుటర్లో రైలు ఆగినా పొద్దు ఆగదు. కాంకార్డ్ విమానం ఈ పందెం గెలిచేది. లండన్‌లో బయలుదేరిన టైముకన్నా ముందే, అక్కడి గడియారం ప్రకారం, న్యూయార్క్‌లో దిగేది. 2003లో దాన్నీ ఆపేశారు. గంటకు 40 కిలోమీటర్లు పోయే స్కూటరు గెలవాలంటే ఉత్తర ధ్రువానికి 150 కిలోమీటర్ల దూరంలో నడపాలి. కాలినడకన అయితే 19 కిలోమీటర్ల దూరంలో.

ఏ బండీ ఎక్కకుండా ఈ ప్రయాణం చేసేవాళ్లు భిలాయ్‌లోనే ఉన్నారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఫర్నేసును పగలు వెలిగించి రాత్రి ఆర్పడం కుదరదు. అందుకే మూడు షిఫ్టులు. ఒక్కో షిఫ్టు ఎనిమిది గంటలు, అంటే భూగోళం మీద 120 డిగ్రీలు. మధ్యాహ్నం రెండింటికి సెకండ్ షిఫ్టు మొదలయ్యేసరికి, ఇదే అక్షాంశం మీద ఇక్కడికి 120 డిగ్రీలు పడమరన పొద్దు లెక్కన ఉదయం ఆరు. అక్కడ ఊరేమీ లేదు, అట్లాంటిక్ మహాసముద్రం నడిమధ్య. రాత్రి పదింటికి నైట్ షిఫ్టు మొదలైనప్పుడు ఉదయం ఆరయ్యే చోట మాత్రం ఊరుంది. దాని పేరు హొనొలూలూ. అదీ 21 డిగ్రీల అక్షాంశం మీదే. అక్కడి గోడ గడియారం ఆరున్నర చూపిస్తుంది గాని, పొద్దు లెక్క ఆరే. కనుక భిలాయ్‌లో నైట్ షిఫ్టు చేసేవాడు నిజానికి హొనొలూలూలో ఫస్ట్ షిఫ్టు చేస్తున్నాడు. పాస్‌పోర్టు అక్కర్లేదు. టీఏ, డీఏ రావు. సముద్రతీరమూ ఉండదు, టిఫిన్ డబ్బాలో ఆవకాయ అన్నం ఉంటుంది. షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి ఆయన ఒంటికి మధ్యాహ్నం రెండు దాటింది, ఆకలి భోజనానిది. ఇంట్లో పెట్టేది ఇడ్లీ. షిఫ్టు మారినప్పుడల్లా ప్రపంచంలో మూడో వంతు దాటాలి. విమానంలో అంత దూరం వెళ్లొచ్చినవాణ్ణి రెండు రోజులు కదపరు; షిఫ్టు మారినవాణ్ణి పెళ్లికి రమ్మంటారు.

చాలామందిలో ఒంటి గడియారం 24 గంటలకన్నా కాస్త ఎక్కువే తీసుకుంటుంది. అందువల్ల పడమర ప్రయాణం తూర్పు ప్రయాణమంత బాధించదు. షిఫ్టులు కూడా ఫస్టు, సెకండు, నైటు వరసలో తిరిగితే కొంత నయం. పగటి నిద్రకు ఏ వరసా పనికిరాదు. పదింటికి కుక్కరు కూస్తుంది, పదకొండింటికి కబాడీవాలా అరుస్తాడు, ఆ తరువాత పై క్వార్టర్లో గోడకు మేకులు కొట్టడం మొదలవుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ పనిలో చేరిన వారిలో చాలామంది ఉద్యోగమంతా ఇలాగే గడిపారు. వాళ్ల పిల్లలు మొదట నేర్చుకున్న మర్యాద "నాన్న పడుకున్నారు, గట్టిగా మాట్లాడకు" అన్నదే. పిల్లలు పెరిగింది పగటిపూట. నాన్న మేలుకొని ఉన్నది రాత్రిపూట. రిటైరయ్యాక టైము దొరికింది, పిల్లలు ఊళ్లో లేరు.

నైట్ షిఫ్టు మనిషి ఉన్న ఇంటికి ఏ పని మీద వెళ్లినా సాయంత్రం నాలుగు దాటాకే తలుపు కొట్టండి.