రంగు పడింది, లైటు పోయింది

1996లో తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్‌ 100 బైకు మీద మనవాళ్ల మోజు ఇంతా అంతా కాదు. ట్యాంకుకు కొత్త రంగు, సైలెన్సర్‌కు క్రోమ్, సీటుకు తళతళలాడే కవరు. వేలకు వేలు కుమ్మరించి రోడ్డెక్కితే ఇండికేటర్ వెలగదు! పైన పటారం, లోన లొటారం. చాలా పాత బండ్లలో ఆ లైటుకు ఎర్త్ అందేది బాడీ ఇనుము నుంచే. పెయింటర్ మహాశయుడు నట్టు బిగించే చోటునూ వదలకుండా పూత పూసేశాడు మరి. ఎమ్రీ పేపర్‌తో అక్కడ కాస్త గీకితే చాలు, లైటు టక్కున కన్నుకొడుతుంది.

‘‘అమ్మో, కొత్త పెయింటు! గీతలు పడవూ?’’ అంటాడు ఓనరు.

అందుకే కుడికి తిరగాల్సినప్పుడల్లా వెనక కూర్చున్న బామ్మర్ది చెయ్యి ఊపుతున్నాడు. ఇన్సూరెన్స్ మాత్రం బండికే ఉంది.