రెండున్నర నిమిషాల వీరుడు

పెళ్లిలో అక్షింతలు చేత్తో పట్టుకుని, వధూవరుల్ని వదిలేసి మండపం మీది బల్బుల్ని చూస్తున్న మనిషి ఎవరైనా కనబడితే పలకరించకండి. పలకరిస్తే మీ పని అయిపోయినట్టే. "ఈ లైట్లు 3200 కెల్విన్ అండీ, టంగ్‌స్టన్ స్టాకు పడుతుంది. కానీ ఆ పక్క కిటికీలోంచి పగటి వెలుతురు వస్తోంది చూశారా, అదొచ్చి 5600..." అంటూ అందుకుంటాడు. ఈలోగా అక్కడ మూడు ముళ్లూ పడిపోతాయి. ఇంత మాట్లాడినవాడి చేతిలో కెమెరా ఉండదు. అది ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంటుంది.

సూపర్ ఎయిట్ ఫిల్ము మీద సొంత సినిమాలు తీసుకునే భక్తబృందంలో ఇలాంటివాళ్లు ఒక శాఖ. వీళ్లు సినిమా తియ్యరు, ఫిల్ము స్టాకూ లెన్సూ ఎంచుకుంటూ ఉంటారు. ఆ శాఖకు మా పెదనాన్నగారబ్బాయి పీఠాధిపతి. న్యూజెర్సీలో ఉంటాడు, ఉద్యోగం డేటాబేసులు చూసుకోవడం. ఉండే ఊరి పేరు ఎడిసన్. తొలినాటి సినిమా కెమెరాని తన ప్రయోగశాలలో తయారు చేయించినాయన పేరున్న ఊళ్లో ఇల్లు దొరకడం పూర్వజన్మ సుకృతమంటాడు అన్నయ్య. ఇండియన్ కొట్లు దగ్గరని కొన్నామంటుంది వదిన.

వాళ్లింట్లో ఫ్రిజ్జు తెరవాలంటే అనుమతి కావాలి. కింది అరలో ఆవకాయ సీసాకీ ఇడ్లీపిండి గిన్నెకీ మధ్య పసుపుపచ్చ కోడాక్ డబ్బాలు బారులు తీరి ఉంటాయి. ఎండకి 50డి, ఇంటి దీపాలకి 200టి, చీకటికి 500టి, రంగుల సౌఖ్యానికి ఎక్టాక్రోమ్ 100డి, మూడ్ బాగోనప్పుడు నలుపు తెలుపు ట్రై-ఎక్స్. పెరుగు కోసం తలుపు తీసి పట్టుకుని నిలబడితే లోపల్నుంచి కేక వినబడుతుంది. ఫిల్ముని చల్లగా ఉంచాలన్నది నిజమే. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు చింపకూడదు, చెమ్మ పడుతుంది. ఈ రెండో నియమం ఆయనకు తెగ నచ్చింది. బాబు పుట్టినరోజునాడు డబ్బా బయటపెట్టి, అది వేడెక్కుతుంటే ఎదురుచూస్తూ కూర్చున్నాడు. కేకు కోసేశారు.

ఫ్రీజర్లో ఇంకొకటి ఉంది. కోడాక్రోమ్ 40, ఒకే ఒక్క కార్ట్రిడ్జి. 2005లోనే ఆ రకం సూపర్ ఎయిట్ తయారీ ఆపేశారు. దాన్ని కడిగే ఆఖరి లాబు, కాన్సాస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న ఊళ్లోది, 2010 డిసెంబరు 30తో చేతులెత్తేసింది. అంటే ఇప్పుడు తీసినా ఆ రంగులు రావు. అందుకే దాని మీద ఆయనకంత ప్రేమ. "ఏం తియ్యాలా అన్న బెంగ లేదురా దీంతో" అన్నాడొకసారి. ఆయన గుట్టంతా ఆ ఒక్క ముక్కలో ఉందనిపించింది నాకు.

ఎందుకంటే బెంగకి కారణం లేకపోలేదు. ఒక కార్ట్రిడ్జిలో ఉండేది 50 అడుగులు, అంటే 3600 బొమ్మలు. సెకనుకి 24 చొప్పున తిప్పితే రెండున్నర నిమిషాలు, 18 చొప్పునైతే మూడు నిమిషాల ఇరవై సెకన్లు. కొనడానికొక ధర, కడిగించడానికొక ధర, స్కానుకింకొకటి. ఫోన్లో గంటలకొద్దీ తీసి ఒక్కసారీ చూడని మనకేం తెలుస్తుంది ఆ బాధ? మీట నొక్కిన ప్రతి సెకనూ పోయినట్టే. నొక్కనంతసేపూ ఫిల్ము అపురూపం. తియ్యని సినిమాకి ఫోకస్ తప్పదు కదా.

ఇక లెన్సుల పురాణం. సూపర్ ఎయిట్ బొమ్మ వెడల్పు ఆరు మిల్లీమీటర్లు కూడా ఉండదు, చిటికెనవేలి గోరంత. ఆ గోరు కోసం ఆయన దగ్గర ఫ్రాన్సులో చేసిన బోల్యూ కెమెరా, దానికి జర్మనీ ష్నైడర్ జూము 6-66 ఉన్నాయి. అవి చాలవని పదహారు ఎంఎం బోలెక్స్ ఒకటి కొన్నాడు. దానికి స్విస్ వాళ్ల కెర్న్ స్విటార్ లెన్సులు. రిఫ్లెక్స్ బోలెక్సులో లెన్సు వెనక ఒక గాజు పట్టకం ఉంటుందనీ, అందుకని 50 ఎంఎం, అంతకన్నా పొట్టి లెన్సులైతే పక్కన ఆర్ఎక్స్ అని రాసినవే వాడాలనీ ఒక రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేసి చెప్పాడు. మాట నిజమే. ఆయన చెప్పేవన్నీ నిజాలే, తిట్టడానికి సందుండదు.

ఒకసారి తెనాలి నుంచి అత్తమామలొచ్చారు. అమెరికా వచ్చిన పెద్దవాళ్లకి నయాగరా చూపించకపోతే పాపం కదా, బయల్దేరాడు. దారిలో రోచెస్టర్ తగిలింది. కోడాక్ పుట్టిన ఊరు. జార్జ్ ఈస్ట్‌మన్ బంగళాని మ్యూజియం చేశారక్కడ. ఒక పూట అక్కడే గడిచింది. మామగారికి మోకాళ్ల నొప్పులు. "ఈ ఇంటాయన మీకేమవుతాడు బాబూ?" అని మాత్రం అడిగారు.

నయాగరా చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కెమెరాలో 500టి ఎక్కించి ఉంది. ఆ ఎండలో దానికి 85 ఫిల్టరు పెట్టినా 320 వేగం. ఎఫ్ 16 దాకా లెన్సు మూసినా వెలుతురు ఎక్కువే. పైగా అంత మూస్తే ఇంత చిన్న ఫార్మాట్లో బొమ్మ మెత్తబడిపోతుంది. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు పెడితే సరిపోయేదే, అది ఇంకో సంచీలో ఉండిపోయింది.

"బాబూ, ఒక్క ముక్క తియ్యవయ్యా. అమ్మాయీ మేమూ పడేలాగా" అన్నారు మామగారు.

"50డి ఉండాల్సింది మామయ్యగారూ. సాయంత్రం చూద్దాం, దీపాలు వేస్తారు, అప్పుడు 500టికి తిరుగులేదు."

సాయంత్రం రంగురంగుల దీపాలు వేశారు. తుంపర లెన్సు మీద పడుతుందని కెమెరా సంచీలోంచి రాలేదు. వదిన ఫోన్లో తీసిన వీడియో ఇప్పటికీ తెనాలిలో వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు. అందులో ఒక మూల అన్నయ్య లైట్ మీటరు వంక చూస్తూ కనబడతాడు.

అసలేమీ తియ్యలేదంటే మహాపాపం. కిందటేడు ఒక ఎక్టాక్రోమ్ కార్ట్రిడ్జి పూర్తిగా తీశాడు. లెన్సు పరీక్ష. పెరట్లో ఇటుక గోడకి మన తెలుగు క్యాలెండరు తగిలించాడు. తిథి వార నక్షత్రాలు అచ్చేసే చీమ తలకాయంత అక్షరాల్ని మించిన పరీక్ష లేదంటాడు. ఆ తెలివికి మెచ్చుకోవలసిందే. వదిన పలక మీద ఎఫ్ నంబరు రాసి పట్టుకోవాలి. 2.8, 4, 5.6, 8... చివర్లో గాలొచ్చి క్యాలెండరు ఎగిరింది. వదిన పలక పారేసి పకపకా నవ్వుతూ దాని వెంట పరిగెత్తింది. ఫిల్ము అక్కడితో అయిపోయింది.

కడిగించి తెచ్చాక బంధువులందర్నీ పిలిచి ప్రొజెక్టర్ వేశాడు. మూగ సినిమా. రెండు నిమిషాలకు పైగా ఆషాఢమాసం. ఆఖర్న వదిన పరుగు. "అది మళ్లీ వెయ్యరా" అని అందరూ ఒక్కసారే అరిచారు.

"అదెందుకూ, ఫోకస్ లేదు. ఎఫ్ 5.6 దగ్గర దుర్ముహూర్తం ఎంత స్పష్టంగా ఉందో అది చూడండి" అన్నాడు అన్నయ్య.

"ఈసారి క్యాలెండరు మీరు పట్టుకోండి, తీసేది నేను" అంది వదిన.

"ముందు నీకు ఏ స్టాకు నప్పుతుందో చూడాలి" అంటూ ఫ్రిజ్జు దగ్గరకి లేచాడు.