సన్మానానికి ముందు మెడ తడుముకోండి

ఆఫీసులో మీకేదో సత్కారం చేస్తారట అని కబురు అందిందా? సంబరపడే ముందు హెచ్చార్‌లో తెలిసినవాళ్లెవరినైనా టీకి తీసుకెళ్లి, ఇచ్చేదేమిటో రాబట్టండి. ఇచ్చింది పుచ్చుకుని దండం పెట్టే రోజులు పోయాయి. ఇప్పుడు చాలా కంపెనీలు ‘మీకు నచ్చిన బహుమతి మీరే ఎంచుకోండి’ అని ఒక పోర్టల్ తెరిచిపెడుతున్నాయి. నచ్చినవాణ్ణే చేసుకోవే తల్లీ అంటూనే ఒకే ఒక్క సంబంధం చూపించినట్టు, అందులో బ్యాక్‌ప్యాక్ ఒకటే స్టాకులో ఉంటుంది. అయినా ఎంపిక ఎంపికే. పద్దెనిమిదేళ్లు హైదరాబాద్ ఐటీలో నలిగినవాడిగా నాలుగు సలహాలు చెబుతాను.

మెమెంటో కావాలనుకునేవారు ముందు ఇంట్లో షోకేసు కొలుచుకోండి. నాకొచ్చిన వాటిలో పెద్దది, నల్లరాతి దిమ్మ మీద నిలబెట్టిన గాజు పలక. ఇంటికి తెస్తే మా ఆవిడ అటూ ఇటూ తిప్పి, ‘ఇది దేనికండీ?’ అంది. చూసుకోడానికి అన్నాను. రెండు నెలలు చూసింది. ఆ తర్వాత పలక పీకి అటక మీద పడేసి, దిమ్మను వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. కంపెనీ నాకిచ్చిన వాటిలో ఇప్పటికీ రోజూ డ్యూటీ చేస్తున్నది అదొక్కటే.

నలుగురిలో పొగడ్తే ముద్దు అనుకుంటే మాత్రం మీ పేరు రికార్డుల్లో ఎలా ఉందో చూసుకోండి. మా ఇంటిపేరు మేకా. మనకు ఇంటిపేరు ముందుంటుంది, కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు ముందున్నదే పేరు. ఒక ప్రాజెక్టు కోసం మూడు నెలలు శని, ఆదివారాలు వదులుకున్నందుకు నాకు ‘స్టార్’ అవార్డు ప్రకటించారు. ఆడిటోరియంలో ఇంత పెద్ద తెర మీద, ఇంగ్లీషులో: ‘మేకా, మీ త్యాగాన్ని సంస్థ ఎన్నటికీ మరువదు.’ తెలుగు వచ్చినవాళ్లంతా ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దసారు దాన్ని నా మీద అభిమానం అనుకుని, మైకు దగ్గరకు లాక్కుని ఇంకోసారి చదివారు.

పసుపు పూసి, వేపమండ కట్టి, మెడలో దండ వేసి, డప్పులతో నడిపిస్తున్నప్పుడు అసలు మేకకు కూడా కాస్త గర్వంగానే ఉంటుందేమో. నాకు ఉంది, దాచుకోవడం ఎందుకు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి మేనేజర్ పిలిచి, ‘మీలాంటి స్టార్ ఉండగా ఇంకెవరిని అడుగుతాం’ అని రాత్రి షిఫ్టు సపోర్టు అప్పగించారు. అందుకే దండ పడిన రోజే వచ్చే నెల రోస్టర్ అడిగి చూడండి.

సర్కారీ కొలువులో ఉన్నవారికి ఇంత అవస్థ లేదు. ఆగస్టు 15కో, జనవరి 26కో పరేడ్ మైదానంలో ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం ఉండనే ఉంది. ఫొటో అదే రోజు లామినేషన్ చేయించండి, ఆలస్యం పనికిరాదు. 2019లో మహబూబ్‌నగర్ జిల్లాలో ఉత్తమ కానిస్టేబుల్‌గా పత్రం అందుకున్న ఒకాయన, మర్నాడే 17,000 రూపాయల లంచం కేసులో ఏసీబీకి చిక్కాడు.

ఇక మర్యాద తెలియని మొరటు మనుషులు కొందరుంటారు, డబ్బే కావాలంటారు. వాళ్లు లెక్కలు నేర్చుకోవాలి. అవార్డు నగదుగా ఇస్తే మొదటి రూపాయి నుంచీ జీతంలో కలిసి పన్ను పడుతుంది. వస్తువుకో వోచరుకో మాత్రం ఏడాదికి ఒక పరిమితి లోపు మినహాయింపు పెట్టారు. కంపెనీలు వోచర్ల మీద ఎందుకంత మోజుపడతాయో అర్థమైందిగా. మీకు కావలసింది కందిపప్పు, వోచరేమో బ్రాండెడ్ చెప్పుల షాపుది.

బోనస్ కథ ఇంకా రుచిగా ఉంటుంది. చట్టం కనీసం 8.33 శాతం ఇమ్మంటుంది. ఆ పాయింటు తర్వాతి అంకెలకు జడుసుకోకండి, పన్నెండో వంతు, అంటే ఏడాదికి ఒక నెల జీతం. గరిష్ఠం 20 శాతం. రైల్వేవాళ్లకు దసరా ముందు 78 రోజుల బోనస్ అని పేపర్లో పడగానే చుట్టాలంతా ఫోన్లు చేస్తారు. ఆ 78 రోజుల్నీ నెలకు 7,000 చొప్పున లెక్కగట్టారని, అలా తేలేది 17,951 రూపాయలని వాళ్లకు ఎవరు చెప్పాలి! అప్పు అడగడానికి వచ్చిన బావమరిదికైతే చెప్పక తప్పదు.

డబ్బు విషయంలో నా ఓటు మాత్రం సింగరేణికే. అక్కడ చప్పట్లు కొట్టరు, లాభాల్లో వాటా శాతం చెబుతారు. 2024-25 లాభాల్లో 34 శాతం, మొత్తం 819 కోట్లు, సగటున మనిషికి 1.95 లక్షలు దాటి దసరాకు పంచారు. అయితే పుట్టేటప్పుడే పర్మినెంటు కార్మికుడిగా పుట్టాలి. అదే బొగ్గు మసి పూసుకున్న కాంట్రాక్టు కార్మికుడికి దక్కింది 5,500. ఇందులో వెటకారం ఏమీ కలపలేదు, అంకెల్నే ఉన్నవున్నట్టు రాశాను.

దీపావళి సోన్‌పాపిడి డబ్బా గురించి మీకు నేను చెప్పేదేముంది. సీలు చించకుండా మూడో ఇంటికి దాటించండి.

ఇన్నీ వడపోశాక నేను చివరికి ఎంచుకున్నది కాంప్ ఆఫ్. పన్ను పడదు, షోకేసు అడగదు, పేరు తప్పు పడినా నష్టం లేదు. రాత్రి షిఫ్టులకు బదులుగా మూడు రోజుల సెలవు. పోర్టల్‌లో అప్లై చేశాను, పక్కన పచ్చచుక్క కూడా వెలిగింది. పదకొండు రోజులుగా ‘పెండింగ్’ అనే చూపిస్తోంది. ఆమోదించాల్సిన మేనేజర్‌కు నిన్న మెసేజ్ పెడితే, తిరిగి వచ్చింది ఆటోమేటిక్ జవాబు. ఆయన కాంప్ ఆఫ్‌లో ఉన్నారట.