సారెలో వచ్చిన కుట్టుమిషన్ని

నేను కుట్టుమిషన్ని. 2001లో మాచర్ల నుంచి మా అమ్మాయితోపాటు సారెలో నరసరావుపేట వచ్చాను. బరంపేటలోని ఆ ఇంట్లో కిటికీ పక్కన, వెలుతురు బాగా పడేచోట, అల్లుడుగారే నన్ను నిలబెట్టారు. ఒక కాలు నేలకు ఆనక నేను ఊగుతుంటే అట్టముక్క మడిచి కిందపెట్టారు. ఇరవై మూడేళ్లు ఆ అట్ట మీదే నిలబడ్డాను.

మొదట్లో ఆ ఇంట మాటలకు కరువు లేదు. శివరాత్రి వస్తోందంటే కోటప్పకొండ తిరునాళ్లకని జాకెట్లు, పరికిణీలు గుట్టలుగా వచ్చిపడేవి. ఆయన పత్తి కొట్టు నుంచి రాగానే నూనెబుడ్డి తీసుకుని, నా కంతలన్నింటిలో తలా ఒక చుక్క వేసేవారు. "రాత్రంతా తొక్కకే, కాళ్లు లాగుతాయి" అనేవారు. ఆమె నవ్వి ఇంకో బాబిన్ చుట్టుకునేది. పండగనాడు ఇద్దరూ కొండకెళ్లి ప్రభలు చూసొచ్చేవాళ్లు.

తర్వాత వ్యాపారం దెబ్బతింది. అప్పుల సంగతి ఆయన చెప్పలేదు, ఆమె పైవాళ్ల నోట వింది. అడిగితే లేచి వెళ్లిపోయేవారు. కొట్టలేదు, తిట్టలేదు. మాట మానేశారు. వాళ్ల పాప చదువుకని గుంటూరు వెళ్లాక ఆ ఇంట్లో నా చప్పుడొక్కటే మిగిలింది. 2022 ఏప్రిల్ 4న మా నరసరావుపేట పల్నాడు జిల్లాకు కేంద్రమైంది. బయట ఎవరి నోట విన్నా అదే కబురు. లోపల మాత్రం "అన్నం పెట్టనా?" "ఊఁ." అంతే.

ఒకరోజు లాయరమ్మ జాకెట్ వదులు చేయించుకోవడానికొచ్చింది. మా అమ్మాయి తలెత్తకుండానే అడగాల్సింది అడిగింది.

"ఇద్దరూ ఒప్పుకుంటే విడాకులకు హిందూ వివాహ చట్టంలో 13బి ఉందమ్మా. ఏడాది విడిగా ఉండాలి. దరఖాస్తు వేశాక ఆరు నెలలు ఆగమంటారు. రాజీకి దారే లేదనిపిస్తే ఆ గడువు తీసెయ్యొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఈ మిషనంటావా, నీ స్త్రీధనం. అది భార్య సొంతమని 1985లోనే తీర్పుంది. తొందరపడకు."

మా అమ్మాయి బదులు చెప్పలేదు. జాకెట్ కుట్టు విప్పుతోంది. దారం పట్టి గుంజితే గుడ్డ చిరుగుతుంది. నాలుగు కుట్లకొకటి బ్లేడు మొనతో తెంచి, వెనకవైపు దారం మెల్లగా లాగాలి. అప్పుడు గుడ్డ గుడ్డగా మిగులుతుంది. అంతే ఓపికతో ఆమె ఆరు నెలలు ఆలోచించింది.

"గుంటూరులో గది చూసుకున్నానండీ. మీమీద కోపంతో కాదు. మాట లేని ఇంట్లో ఉండలేకపోతున్నా" అంది ఒక రాత్రి. ఆయన తల వంచుకున్నారు.

"ఈ ఊళ్లోనే ఇంకో ఇల్లు తీసుకోవచ్చుగా?" అంది అత్తగారు.

"మల్లమ్మ సెంటర్ దాకా వెళ్తే పదిమంది పలకరిస్తారు అత్తయ్యా. అందరికీ ఏం చెప్పను?"

ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుంది. "నా కొడుక్కి మాట నేర్పలేకపోయానే అమ్మాయ్."

బయల్దేరేనాడు ఆయన నూనెబుడ్డితో వచ్చారు. ఎన్నేళ్లకో! ప్రతి కంతలో ఒక చుక్క వేసి, బెల్టు విప్పి సొరుగులో పెట్టి, నన్ను పాత దుప్పట్లో చుట్టారు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. కళ్లు తుడుచుకుంది. ఆటో ఎక్కింది.

గుంటూరు గదిలోనూ నా కాలొకటి నేలకు ఆనలేదు. పాప నోట్‌బుక్ అట్ట చింపి, మడిచి కిందపెట్టింది.

"ఇప్పుడు తొక్కమ్మా" అంది.