కాగితాల్లేని కాపురానికి కొన్ని అమూల్యమైన సలహాలు

నా అర్హతలు ముందు చెప్పుకుంటాను, ఆ తర్వాత వినాలో వద్దో మీ ఇష్టం. ఐఐటీకీ జేఎన్‌యూకీ మధ్య ఇరుక్కున్న కటవారియా సరాయ్‌లో, పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిన గదిలో ఉంటూ గేట్ రాశాను, ఐఈఎస్ రాశాను, సివిల్స్ కూడా రాశాను. ఏదీ రాలేదు గానీ ఫారం నింపడం వచ్చింది. ఓబీసీ సర్టిఫికెట్టు, నాన్ క్రీమీలేయరు, గెజిటెడ్ సంతకం, అఫిడవిట్టు ఏది కావాలన్నా ఈ సందుల్లో దిగే తెలుగు పిల్లలకి నేనే దిక్కు. ఈ మధ్య హౌజ్ రాణీ వైపు నుంచి ఆఫ్ఘన్ తమ్ముళ్లు కూడా వస్తున్నారు. ఒకడి పెళ్లాం జర్మనీలో, ఇంకొకడి పెళ్లాం కెనడాలో, వీళ్లేమో ఇక్కడ. పెళ్లయింది గానీ అయినట్టు కాగితం లేదు. మనిషి నా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు గానీ ఉన్నట్టు పాస్‌పోర్టు లేదు. వాళ్ల కోసమే ఈ సలహాలు. తెలుగులో ఎందుకంటే, నాకు ధారాళంగా రాయడం వచ్చింది అదొక్కటే. చదివి చెప్పేవాళ్లని వాళ్లే వెతుక్కుంటారు.

అన్నిటికంటే ముఖ్యం, పారిపోయే ముందు తయారీ. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల వశం కాగానే జనం విమానాశ్రయం వైపు పరుగులు తీశారు. ఇదే వద్దనేది. కోర్టుకెళ్లి నికా నమోదు చేయించుకుని, దాని మీద విదేశాంగ శాఖ ముద్ర వేయించి, ఇంగ్లీషులోకి మార్పించి, మూడు సెట్లు నోటరీ చేయించుకుని అప్పుడు కదా గోడ ఎక్కాలి! ముల్లాగారు ఇంటికొచ్చి సాక్షుల ముందు జరిపించిన పెళ్లి ఊరికి సరిపోతుంది, ఫ్రాంక్‌ఫర్ట్‌కి చాలదు. పెళ్లి తేదీ కూడా జాగ్రత్త. శరణార్థుల భార్యలకీ భర్తలకీ ఇచ్చే వెసులుబాట్లు చాలాచోట్ల దేశం వదలకముందు అయిన పెళ్లికే. బ్రిటన్‌లో అలాంటివాళ్లకి దరఖాస్తు ఫీజు కూడా ఉండేది కాదు. 2025 సెప్టెంబరు 4 నుంచి ఆ దారిలో కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేశారు. ఇక మిగిలింది అందరూ వెళ్లే దారి. అందులో అక్కడున్న మనిషి ఏడాదికి 29,000 పౌండ్ల సంపాదన చూపించాలి. ప్రేమించేవాళ్లు యుద్ధం కంటే కాస్త ముందే మేలుకోవాలని చెప్పడం నా ధర్మం.

తర్వాత పుట్టినరోజు. ఆఫ్ఘన్ గుర్తింపు పత్రాన్ని తజ్కెరా అంటారు. పాత కాగితపు తజ్కెరాలో తేదీ ఉండదు, '1388లో పదిహేడేళ్లు' అన్న ధోరణిలో ఉంటుంది. ఆ 1388 వాళ్ల సౌరమానం; మార్చిలో మొదలై మార్చిలో ముగుస్తుంది గనక మన 2009లో కొంత, 2010లో కొంత. దాంతో ఒక ఆఫీసువాడు జనవరి 1 వేస్తాడు, రెండో ఆఫీసువాడు ఏడాదే మార్చేస్తాడు. మనకిది కొత్త కాదు. మన హెడ్మాస్టర్లు ఊళ్లో పిల్లలందరినీ జూన్ 1నో జూలై 1నో పుట్టించి పుణ్యం కట్టుకోలేదూ? కాబట్టి ఏ ఫారంలో ఏ తేదీ నచ్చితే అది వేసేయండి. తేడా ఎందుకొచ్చిందో ఒక పేజీలో వివరంగా రాసి జత చేయమని ఏ వకీలో చెప్తాడు. వినొద్దు, ఆఫీసర్లకి చదవడం బరువు. ఒంటి పేరే ఉంటే ఇంటిపేరు అడుగుతారు: ఒక ఫారంలో తండ్రి పేరు, ఇంకోదాంట్లో తెగ పేరు, మూడోదాంట్లో ఊరి పేరు ఇవ్వండి. ఇంటిపేరు ముందా వెనకా అని మనవాళ్లు పడ్డ పాట్లు వాళ్లకి మాత్రం తప్పుతాయా!

పాస్‌పోర్టు లేదా? ఎంబసీకి వెళ్లండి. ఎవరికి భయపడి పారిపోయి వచ్చారో వాళ్లనే పాస్‌పోర్టు అడగడానికి మొహమాటం దేనికి? సొంత దేశం రక్షణలోకి తనంతట తాను తిరిగి వెళ్లినవాడికి శరణార్థి హోదా పోతుందని 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో ఉంది. కొత్త పాస్‌పోర్టు తీసుకోవడాన్ని అలా లెక్కకట్టే అధికారులూ ఉన్నారు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పను, జడుసుకుంటారు. పైగా చాణక్యపురిలో ఉన్న ఆఫ్ఘన్ ఎంబసీని శాశ్వతంగా మూసేస్తున్నామని పాత ప్రభుత్వపు దౌత్యవేత్తలు 2023 నవంబరులో ప్రకటించారు. ముంబై, హైదరాబాద్ కాన్సులేట్లు మాత్రం అప్పుడు మూతపడలేదు. అందుకని ఒక తమ్ముణ్ణి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కమన్నాను. రిజర్వేషన్ బోగీలో టీటీఈ గుర్తింపు కార్డు అడిగితే, దాని కోసమే వెళ్తున్నానని చెప్పమన్నాను.

ఇంకెవరో రెడ్‌క్రాస్‌కి రాయమన్నారట. రెడ్‌క్రాస్ అంటే రక్తదానం కదండీ, వీసాకేం సంబంధం? పాస్‌పోర్టు లేనివాడికి ఆ ఒక్క ప్రయాణం వరకు పనికొచ్చే కాగితాన్ని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 1945 నుంచి ఇస్తోందట, పైసా తీసుకోదట. ఢిల్లీలో ఉచితంగా వచ్చేదాన్ని నమ్మేవాడెవడు?

ఆల్బం విషయంలో మాత్రం తెలుగువాళ్లని మించినవాళ్లు లేరు. హెచ్-4 వీసాకి హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేటుకి వెళ్లే మన కొత్త పెళ్లికూతుళ్ల ఆల్బం ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, స్టేజీ మీద థర్మోకోల్ అక్షరాలు, బంతిలో గోంగూర కలుపుతూ కెమెరా వైపు తలెత్తిన పెద్ద మామయ్య. మరి మా ఆఫ్ఘన్ తమ్ముడు చూపించిన సాక్ష్యం? అద్దం పగిలిన ఫోను. అందులో ఎన్నో చేతులు మారి వచ్చిన నికానామా ఫొటో. కాగితం మడత పడ్డచోట ఒక సాక్షి పేరు సగం చెరిగిపోయింది. కింద నీలి సిరా వేలిముద్ర. పక్కన కాగితం పట్టుకున్నవాళ్లెవరిదో బొటనవేలు, గోరింటాకు పండిన గోరుతో సహా. పెళ్లి ఫొటోల్లో ఎంత వెతికినా పెళ్లికూతురు లేదు. ఆడవాళ్ల గదిలోకి కెమెరా రానివ్వలేదట, తీసిన ఒకటీ అరా తనిఖీల భయానికి వాళ్లమ్మ ఫోన్లోంచి తీసేసిందట.

ఊరుకుంటానా! కిందికి తీసుకెళ్లి కలర్ జిరాక్స్ కొట్టించి, లామినేషన్ చేయించి, నల్ల అట్ట వేసి స్పైరల్ బైండింగ్ పెట్టించాను. టాపర్ల నోట్సు కూడా అంత అందంగా ఉండదు. అసలు కాగితం ఎక్కడుందని అడగాలని నాకు తట్టలేదు. ఆఫ్ఘనిస్తాన్‌లో, మజార్ ఊళ్లో వాళ్లక్క ఇంట్లో బియ్యం డబ్బా అడుగున ఉందని తర్వాత చెప్పాడు. బ్యాంకు ద్వారా వాళ్లావిడ నెలనెలా పంపిన డబ్బు రసీదులు, రోజూ రాత్రి మాట్లాడుకున్న కాల్ వివరాలు, పెళ్లికి వచ్చిన బంధువు రాసిన ఉత్తరం కూడా తెచ్చాడు. అవన్నీ తీసేయించాను. ఒక్కదాని మీదా గుండ్రటి స్టాంపు లేదు.

డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటామంటారు కొందరు అమాయకులు. పిల్లలుంటే తల్లిదండ్రులెవరో తేల్చడానికి అది పనికొస్తుంది, ఆ దారిన పెళ్లికీ కొంత బలం చేకూరుతుంది. మొగుడూ పెళ్లాలకి నేరుగా చేయిస్తే ఏమీ తేలదు. ఇద్దరి డీఎన్ఏ కలిసిందే అనుకోండి, అప్పుడు సమస్య వీసాది కాదు.

ఇంటర్వ్యూకి మాత్రం గట్టిగా చదవాలి. ఆవిడని అక్కడా ఇతన్ని ఇక్కడా కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు అడుగుతారు: పెళ్లికి ఎంతమంది వచ్చారు, ఏం వండారు, మీ అత్తగారి పేరేమిటి. నేను క్వశ్చన్ బ్యాంకు తయారుచేశాను, మాక్ ఇంటర్వ్యూ పెడతాను, నెగెటివ్ మార్కింగ్ కూడా ఉంది. ఇద్దరూ అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబు చెప్పాలి. ఒక తమ్ముడు కాబూలీ పులావ్ అన్నాడు, వాళ్లావిడేమో ఫోన్లో మంటూ అంది. పులావు మాడిపోతే మంటూ పెట్టారని అరగంట వాదించుకుని చివరికి పడీపడీ నవ్వుకున్నారు. ఇలా అయితే ఎవరు నమ్ముతారని ఇద్దరినీ మందలించి, మెనూలో పులావ్ ఒక్కటే ఖాయం చేశాను.

ఫారం నింపేటప్పుడు సంసారం సంగతులు ఎత్తొద్దు. భారతదేశం 1951 ఒప్పందం మీద సంతకం పెట్టలేదు కాబట్టి ఆఫ్ఘన్ల పేర్లు వసంత్ విహార్‌లో ఉన్న ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ నమోదు చేసుకుని కార్డిస్తుంది. అక్కడ మొదటిరోజే 'పెళ్లయిందా' అంటారు. కాలేదని చెప్పండి, పని తొందరగా తెములుతుంది. తర్వాత ఎప్పుడో వీసా దగ్గర పెళ్లాం బయటపడితే ఆ పాత ఫారం తీసి ముందు పెడతారు. పెట్టనీండి. కెనడాలో అయితే 117(9)(డి) అని ఒక నిబంధనే ఉంది: వలస వచ్చేటప్పుడు చూపించని, పరీక్షకి రాని భార్యని తర్వాత కుటుంబం కింద తెచ్చుకోవడం కుదరదు. 2019 నుంచి కొందరికి మినహాయింపు ఇస్తున్నారు. ఆ కొందరిలో మీరు ఉంటారని అనుకోవడమే ఆశావాదం.

కాగితం లేకపోతే పుట్టించొచ్చు కదా అని కొందరు గొంతు తగ్గించి అడుగుతారు. పట్టుబడితే కెనడా అయిదేళ్లు, బ్రిటన్ పదేళ్లు, అమెరికా జన్మంతా గుమ్మం తొక్కనివ్వవు. అయిదేళ్లూ ఒక లెక్కా! నేను ప్రిలిమ్స్ దగ్గరే అంతకంటే ఎక్కువ కాలం కూర్చున్నాను. నకిలీది ఒక్కటి దొరికితే పక్కనున్న నిజం కాగితాలన్నీ నకిలీ కిందే జమ అవుతాయి. ఫైలుకి ఒక ఏకరూపత వస్తుంది. అసలు తప్పే చేయకపోయినా తిప్పలు తప్పవు మరి. ఫ్రాన్సులో శరణు పొందిన ఒక కాంగో దేశస్థుడి కూతురి జనన పత్రం మీద అధికారులకి అనుమానం వచ్చింది. భార్యాపిల్లలు మూడేళ్లకు పైగా కామెరూన్‌లోనే ఉండిపోయారు. 2014లో యూరప్ మానవ హక్కుల కోర్టు తప్పు ఫ్రాన్సుదేనని తేల్చింది, పిల్లలు ఈలోపు మూడేళ్లు ఎదిగారు.

ఇవన్నీ ఎందుకంటారా, ఢిల్లీలో మళ్లీ పెళ్లి చేసుకోండి. 1954 ప్రత్యేక వివాహ చట్టం ఏ ఇద్దరైనా అంటుంది. నోటీసు ఇచ్చి ముప్ఫై రోజులు ఆగాలి, అవివాహితుడినని ఎంబసీ నుంచి కాగితం తెమ్మంటారు. ఏ ఎంబసీ అని మళ్లీ నన్నడగొద్దు. ఆవిడ జర్మనీ నుంచి ఇక్కడికి రావాలి, దానికో వీసా కావాలి. అవన్నీ జరిగి కొత్త సర్టిఫికెట్టు చేతికొస్తే ఎంత బాగుంటుందో! దాని మీద కొత్త తేదీ ఉంటుంది, అంటే పారిపోయాక చేసుకున్న పెళ్లి అవుతుంది. పాత పెళ్లికి రావాల్సిన వెసులుబాటు పోతుంది. అవివాహితుడినని రాసిచ్చారు గనక పాత పెళ్లే పోతుంది.

యూరోపియన్ యూనియన్ 2003లో తెచ్చిన కుటుంబాల కలయిక ఆదేశంలో 11వ అధికరణం ఒకటుంది. శరణార్థి కుటుంబం దరఖాస్తుని కాగితాలు లేవన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదు, బంధాన్ని చూపే వేరే సాక్ష్యాలు కూడా పరిశీలించాలి అంటుంది. ఎవరైనా ఆ మాట ఉత్తరంలో రాయమంటే రాయొద్దు. ఆఫీసరుకి ఆయన చట్టమే మనం గుర్తుచేయడం మర్యాద కాదు.

ఇదంతా పరాయివాళ్ల తలరాత అని చదివేవాళ్లు అనుకుంటారేమో. 1913 మార్చి 14న దక్షిణాఫ్రికాలోని కేప్ కోర్టులో జస్టిస్ సెర్ల్, క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్ట్రారు దగ్గర నమోదు కాని పెళ్లి అక్కడ చెల్లదన్నాడు. భర్త దగ్గరికి బయల్దేరిన బాయి మరియం అనే ఆవిడని దేశంలోకి రానివ్వలేదు. మద్రాసు రేవులో ఓడెక్కి నేటాల్ చెరకు తోటలకి కూలికి వెళ్లిన మన విశాఖపట్నం వైపువాళ్ల తాళిబొట్లు కూడా ఆ తీర్పుతో ఉత్త పసుపుతాళ్లయ్యాయి. కస్తూరిబాతో పాటు ఆడవాళ్లు జైలుకెళ్లారు, 1914లో చట్టం మారింది. మీరు మాత్రం ఇలాంటివి పెట్టుకోకండి. జైలుకెళ్తే పోలీస్ క్లియరెన్సు రాదు.

వీసా వచ్చిందా, ఇక నేరుగా విమానాశ్రయానికి పదండి. ఆర్కే పురంలో విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఎగ్జిట్ పర్మిట్ తేవాలని, ఇండియా వీసా దాటిపోయాక ఎన్నాళ్లున్నారో అక్కడ లెక్క తేలాలని, అది తేలేలోపు మెడికల్ గడువూ అవతలి దేశం వీసా గడువూ అయిపోతాయని, అందుకే ముందే దరఖాస్తు పెట్టుకోవాలని పిరికివాళ్లు చెప్తారు. వెళ్లిపోతానన్నవాణ్ణి ఎవడైనా ఆపుతాడా? కౌంటరు దగ్గర మాట్లాడుకోవచ్చు.

నా ఫీజు సంగతి. మొత్తం ముందే ఇవ్వాలి, పని కాకపోతే తిరిగివ్వను. రసీదు అడగొద్దు, మనలో మనకి కాగితాలెందుకు?