చిరంజీవుల దరఖాస్తు

అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ లెక్కలో ముసలితనం రోగం కాదు. రోగమే కానప్పుడు దానికి మందుండదు, మందు లేనప్పుడు అనుమతి అడిగే పనే లేదు. అమ్మేవాళ్లు మాత్రం ఉంటారు.

కాలిఫోర్నియాలో ఆంబ్రోసియా అనే కంపెనీ కుర్రకారు ప్లాస్మాను లీటరు 8,000 డాలర్ల లెక్కన వయసు మళ్లుతున్నవాళ్లకు ఎక్కించింది. దానివల్ల గుణమున్నట్టు రుజువు లేదని, ప్రమాదం మాత్రం ఉందని 2019 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ హెచ్చరించాక ఆపింది. అయినా 2023లో బ్రయాన్ జాన్సన్ అనే శ్రీమంతుడు 17 ఏళ్ల కొడుకు ప్లాస్మా ఎక్కించుకున్నాడు, తనది వాళ్ల నాన్నకిచ్చాడు. పాపం యయాతి, నలుగురు కొడుకుల చేత కాదనిపించుకుని, శపించి, ఐదోవాడి దగ్గర గాని యవ్వనం సంపాదించలేకపోయాడు. ఈయనకు ఒక్క క్లినిక్కుతో పనైపోయింది. తర్వాత, లాభమేమీ కనబడలేదని తనే ప్రకటించాడు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. మన సంతల్లో లేహ్యాలమ్మేవాళ్ల నోట ఈ మాట ఎన్నడూ రాలేదు.

చట్టం అడ్డొస్తే దీవికి పోవచ్చు. హోండూరాస్‌లోని రోవతాన్ దీవిలో సొంత నిబంధనలు రాసుకున్న ప్రోస్పెరా అనే పట్టణం ఉంది. 25,000 డాలర్లిస్తే కండ పెంచుతుందనే జన్యు చికిత్స చేస్తారు. జాన్సన్ అక్కడికీ వెళ్లొచ్చాడు. నా ఒళ్లు నా ఇష్టం అంటారు వీళ్లు. నిజమే, ఒళ్లు వాళ్లదే. వికటిస్తే చేరడానికి మాత్రం చట్టాలున్న దేశంలోని ఆసుపత్రే కావాలి.

2025 సెప్టెంబరులో బీజింగ్ కవాతుకు నడుస్తూ పుతిన్, షీ జిన్‌పింగ్ అవయవాల మార్పిడి గురించీ 150 ఏళ్ల ఆయుష్షు గురించీ ముచ్చటించుకోవడం మైకుకు చిక్కింది. అప్పటికి ఇద్దరికీ 72 ఏళ్లు. పదవికి గడువు లేనివాళ్లకు ప్రాణానికీ గడువు లేకపోతే మిగతావాళ్ల గతేమిటో, ఆయుష్షుకు కళ్లెం వేయాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న మేధావులు ముందు అది తేల్చాలి.

ఈ సందడిలో మన ఇళ్లలో ఫ్రిజ్ మీద డబ్బాలో పడి ఉండే షుగరు బిళ్ల మెట్‌ఫార్మిన్‌ను పట్టించుకున్నవాళ్లు తక్కువ. ముసలితనపు జబ్బులను అది వెనక్కి నెడుతుందేమో తేల్చుకుందామని న్యూయార్క్ వైద్యుడు నీర్ బర్జిలాయ్ బృందం 2015లోనే ఎఫ్‌డీఏను కలిసింది. 65 నుంచి 79 ఏళ్ల వయసున్న 3,000 మందిపై ఆరేళ్ల పరీక్ష అది. ఎఫ్‌డీఏ అడ్డు చెప్పలేదు. అడ్డొచ్చింది బిళ్ల ధర. పేటెంటు తీరిపోయిన చవక మందు మీద ఏ కంపెనీకి లాభం? పదేళ్లు గడిచినా ఆ పరీక్షకు కావలసిన డబ్బు పోగవలేదు.